ఖాళీ బండికి ఏ జబ్బూ లేదు

బ్రేకు తొక్కాల్సి వచ్చిందంటే అంతకు ముందే ఎక్కడో తప్పు చేశామన్నమాట అనేవాడు అద్దాలాయన.

పెద్ద గాజు దుకాణంలో పికప్ బండి నడపడం ఆయన పని. కిటికీలకు వేసే పలకలు, షాపుల ముందు గోడకు బదులు నిలబెట్టే నిలువెత్తు గాజు, క్షౌరశాలల్లో బిగించే వెడల్పాటి అద్దాలు, అన్నీ ఆయన బండి మీదే ఊరంతా తిరిగేవి. బండి వెనక తొట్టిలో ఇంటికప్పులా రెండు పక్కలకూ వాలిన ఇనుప చట్రం ఉండేది. దానికి పాత ట్యూబుల రబ్బరు చుట్టి, మధ్యమధ్య దుప్పట్లు దోపి, గాజు పలకల్ని పసిపిల్లల్ని ఒరిగించినట్టు ఒరిగించి తాళ్ళు బిగించేవాడు. గాజు చూడటానికి గాలిలా ఉంటుంది గానీ బరువులో రాయికి ఏమాత్రం తీసిపోదు. ఆ బరువును ఏళ్ళ తరబడి మోస్తూ ఆయన ఒక్క పలక కూడా పగలగొట్టలేదు. ఆయన పక్కన కూర్చుంటే చేతిలో నిండు గ్లాసు నీళ్ళున్నా తొణకవని దుకాణం యజమాని అందరితో చెప్పేవాడు. వెనక వచ్చే బళ్ళవాళ్ళు అనే మాటలు వేరు. అవి ఆయన చెవిన పడేవి గానీ మనసున పడేవి కావు.

ఆయన గొప్పల్లో మరొకటి కమాను పట్టీ. బండి వెనక ఇరుసు మీద ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బరువు పడితే అవి వంగి తొట్టి కిందికి దిగుతుంది, మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది. గాజు మోసేవాడికి ఆ ఊపు ప్రాణసంకటం. కిందటి వానాకాలంలో అద్దాలాయన బాగా ఆలోచించి, ఉన్న పట్టీలకు తోడు మందంగా మరో పట్టీ వేయించాడు. వేసింది ఆయన బావమరిదే. మెకానిక్కు, సొంత షెడ్డు ఉంది. ఆ పట్టీ పడ్డాక ఎంత గాజు ఎక్కించినా తొట్టి దిగడం మానేసింది. బండి బల్లలా నిలబడింది. బళ్ళు నిలిపే యార్డులో తోటి డ్రైవర్లకు ఆయన ఆ సంగతి చెప్పని రోజు లేదు. వాళ్ళూ వరుసగా వెళ్ళి వేయించుకున్నారు. బావమరిది షెడ్డు కొన్నాళ్ళు ఆ పనితోనే కళకళలాడింది.

ఆ తర్వాత దుకాణం దగ్గర పల్లం రోడ్డు చివర కొత్తగా సిగ్నలు లైటు పెట్టారు. అంతవరకూ ఆ పల్లంలో ఆయన గేరు మీదే బండిని దించేసేవాడు. బ్రేకుతో పని పడేది కాదు. ఇప్పుడు ఎర్రలైటు పడితే ఆగి తీరాలి. బ్రేకు గట్టిగా తొక్కే అలవాటే లేని మనిషికి, తొక్కితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

ఒక క్షౌరశాలకు పెద్ద అద్దాలు తీసుకెళ్తున్న రోజు అది. లైటు ఎర్రబడింది. ఆయన తొక్కాడు. కాలికింద పెడలు గట్టిగానే ఉంది, మెత్తగా దిగిపోలేదు. బండి ముక్కు కిందికి వంగింది, ముందు చక్రాలు మూలిగాయి. కానీ ఆ బరువంతా వెనక నుంచి ఎవరో నెడుతున్నట్టు బండి తెల్లగీత దాటి, మనుషులు నడిచే చారలు కూడా దాటి, తాపీగా ఆగింది. ట్రాఫిక్ పోలీసు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. బండి పక్కగా వస్తూ తొట్టిలోని నిలువుటద్దంలో తనను తాను తల నుంచి కాలి దాకా చూసుకున్నాడు. టోపీ సవరించుకున్నాడు. అద్దాలాయన దగ్గరికి వచ్చేసరికి అతని కోపం సగానికి దిగింది.

"పెద్దవారు. చూసుకుని నడపాలి కదండీ" అని మాత్రం అన్నాడు.

ఆ "పెద్దవారు" అన్న మాట ఆయన్ను రోజంతా గుచ్చింది.

మర్నాడు సరుకు దించేసి, ఖాళీ బండితో బావమరిది షెడ్డుకు వెళ్ళాడు. సుత్తులూ పానాలూ ఎగిరే చోటికి గాజుతో ఎవడు వెళ్తాడు?

"ఏంటి బావా, ఇలా వచ్చావు?"

"బ్రేకు పడట్లేదురా."

"అసలు పడట్లేదా, ఆలస్యంగా పడుతోందా?"

"పడుతోంది. బండి ఆగట్లేదు."

"అదేంటి, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పినా ఆ మాట అలాగే ఉంది. బావమరిది తాళాలు తీసుకుని, బావను పక్కన కూర్చోబెట్టుకుని, వీధి చివర దాకా ఉరికించి ఒక్క తొక్కు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. బండి కొయ్యబారినట్టు అక్కడే నిలబడింది. అద్దాలాయన రెండు చేతులూ డాష్‌బోర్డుకు ఆనించుకుని దుమ్ములోంచి బయటికి చూశాడు.

"ఇంతకంటే ఆపితే మనిద్దరం బానెట్టు మీద ఉంటాం బావా."

అయినా బావ మాట తీసెయ్యలేక చక్రాలు విప్పాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు బాగా అరిగిపోయి ఉన్నాయి. అవి మార్చాడు. వెనక చక్రాల డ్రమ్ములు ఊడదీస్తే లోపల చక్రాన్ని పట్టి ఆపే షూలు అరుగుదలన్నదే లేకుండా మెరుస్తున్నాయి.

"చూశావా, కొత్త పెళ్ళికూతురి పాదాల్లా ఉన్నాయి. నీ నడపడం అంత సుకుమారం" అన్నాడు.

అద్దాలాయన లోలోపల పొంగిపోయాడు. ఆ పొంగు మళ్ళీ గాజు ఎక్కించి పల్లం దిగేదాకానే నిలిచింది.

రెండోసారి వెళ్తే గొట్టాల్లో గాలి చేరిందేమో అన్నాడు బావమరిది. పాత బ్రేకు ఆయిలు తీసేసి కొత్తది పోశాడు. తాను బండి కింద పడుకుని, బావను సీట్లో కూర్చోబెట్టి, "తొక్కు... పట్టుకో... ఇప్పుడు వదులు" అంటూ మధ్యాహ్నమంతా గాలి తీయించాడు. మూడోసారి ఇంజను ఆపి పెడలు తొక్కించి, తొక్కి పట్టుకునే స్టార్టు చేయించాడు. పెడలు కొద్దిగా దిగింది. అంటే ఇంజను సాయం సరిగ్గానే అందుతోంది. అయినా అనుమానం తీరక బ్రేకు పంపు లోపలి రబ్బర్లు మార్చాడు. ప్రతిసారీ వీధి చివర దాకా పరుగు, ఒక్క తొక్కు, కీచుమని ఆగడం. ఖాళీ బండికి ఏ జబ్బూ లేదు.

నాలుగోసారి వెళ్ళినప్పుడు బావమరిది బానెట్టు తీయలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, స్టూలు లాక్కుని, బండి వైపు కాకుండా బావ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"బావా, నీకు నిద్ర సరిగ్గా పడుతోందా?"

ఆ క్షణం నుంచి మరమ్మతు బండి మీంచి మనిషి మీదికి మళ్ళింది.

బావమరిది విషయం అక్క చెవిన వేశాడు. ఆవిడ ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఏ గుడ్డలో లోపం ఎక్కడుందో వేలితో తడిమి చెప్పగల మనిషి. కానీ మొగుడి కాలికి, మెదడుకి మధ్య ఏ దారం తెగిందో తడిమి చూసే వీలు లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దూరపు చూపు రవ్వంత తగ్గిందని, ఈ వయసులో అది మామూలేనని కళ్ళజోడు రాసిచ్చాడు. అత్తగారు ఫోన్లో విని, అది కళ్ళు కాదు మోకాలేనని తేల్చేసి, నూనె సీసా ఒకటి కొడుకు చేత పంపించింది.

"అల్లుడుగారు మొహమాటస్థులు. నొప్పి ఉన్నా చెప్పరు. కుడికాలికి బాగా పట్టించవే" అంది కూతురితో.

దుకాణం యజమాని అందరికంటే మర్యాదగా మాట్లాడాడు. అందుకే ఆ మాట అన్నిటికంటే లోతుగా దిగింది.

"ఏమయ్యా, నీకు కష్టంగా ఉంటే మొహమాటపడకు. కౌంటరులో కూర్చో. కొలతలు రాసుకోవడానికి నమ్మకమైన మనిషి ఎలాగూ కావాలి."

"కష్టమేం లేదండీ. బండిదే ఏదో..."

"బండి నాలుగుసార్లు షెడ్డుకు పోయొచ్చింది కదయ్యా" అన్నాడు యజమాని, ఎంతో జాలిగా.

ఇంతమంది ఒకే మాట అంటుంటే అబద్ధమని ఎన్నాళ్ళు అనుకోగలడు? అద్దాలాయనకు తన కాలి మీద తనకే అనుమానం మొదలైంది. కళ్ళజోడు పెట్టుకుని, మోకాలికి నూనె రాసుకుని, ముందు బండికీ తన బండికీ మధ్య ఇంకో రెండు బళ్ళు పట్టేంత జాగా వదిలి నడపసాగాడు. ఆ జాగాలోకి నిజంగానే రెండు బళ్ళు దూరేవి. మళ్ళీ వెనక్కి తగ్గేవాడు. ఇలా తగ్గుతూ తగ్గుతూ ఒక్కోసారి ముందుకు పోతున్నాడో వెనక్కి పోతున్నాడో తెలిసేది కాదు. ఎర్రలైటు ఉన్న పల్లం రోడ్డు తప్పించుకోవడానికి ఊరంతా చుట్టి వచ్చేవాడు. దానితో సరుకు ఆలస్యమయ్యేది. ఆలస్యానికి కారణం కూడా వయసే అయింది.

యార్డులో రాకెట్ అని పిలిచే కుర్ర డ్రైవరు ఒకడుండేవాడు. అతను నలుగురిలో నవ్వుతూ అన్నాడు.

"బాబాయ్, బ్రేకు మధ్యలో ఉంటుంది. కుడిపక్కది కాదు. గుర్తుందా?"

అందరూ నవ్వారు. అద్దాలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద పెట్టుకోవడానికి ఆయన పడ్డ కష్టం, గాజు ఎక్కించడానికి ఎప్పుడూ పడలేదు.

ఒక సాయంత్రం భార్య మిషను ఆపి లోపలికి వస్తే, ఆయన మంచం అంచున కూర్చుని, కుడిపాదం గోడకు ఆనించి, నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. "ఎర్ర... తొక్కు. ఎర్ర... తొక్కు." గోడ మీద పాదం ముద్ర పడింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. గుడ్డ పెట్టకుండానే చక్రం తిప్పింది.

పొద్దున ఆయన బయల్దేరుతుంటే చెప్పులు వేసుకుని బండి దగ్గరికి వచ్చింది.

"నేనూ వస్తాను. బజార్లో గుండీలు తీసుకోవాలి."

"లోడు బండిలోనా? గాజు దించి తిరిగొచ్చేటప్పుడు తీసుకెళ్తాలే."

"ఇప్పుడే కావాలి."

పెళ్ళైనప్పటి నుంచి ఆవిడ లోడు బండి ఎక్కలేదు. గుండీలకోసం కాదని ఆయనకు తెలుసు. తన మీద నిఘాకేనని కూడా తెలుసు. తలుపు తీసి పట్టుకున్నాడు. దారిలో ఆవిడ రోడ్డు వైపు చూడలేదు, దుకాణాల వైపు చూడలేదు. ఒడిలో సంచీ పెట్టుకుని, మెడ వంచి, ఆయన కుడికాలినే కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూ కూర్చుంది. అలా ఎవరైనా చూస్తుంటే ఏ కాలైనా తడబడుతుంది. ఆయన ఊరు చుట్టి పోదామనుకున్నాడు గానీ, భార్య పక్కనుండగా పిరికివాడిలా మలుపు తిరగడానికి మనసొప్పలేదు. పల్లం రోడ్డులోకే దిగాడు.

కింద లైటు పచ్చగా ఉంది. పసుపు రంగు పడీ పడకముందే ఆయన కాలు పెడలు మీదికి వెళ్ళింది. నిలువునా తొక్కాడు. బండి ముక్కు వంచి, ముందు చక్రాల నుంచి కాలిన వాసన పంపి, తన దారిన తాను జారుకుంటూ పోయింది. చారల మీద సైకిలు నడిపించుకుంటూ దాటుతున్న ఒకతను బిత్తరపోయి సైకిలు వదిలేసి వెనక్కి దూకాడు. సైకిలు హ్యాండిలుకు జానెడు దూరంలో బండి ఆగింది.

ఆ మనిషి సైకిలు లేవనెత్తుకుని, తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్ళిపోయాడు. లైటు పచ్చబడి, వెనక హారన్లు మొదలయ్యాక భార్య అంది.

"మీరు తొక్కారు."

"ఊఁ."

"నిలువునా తొక్కారు. నేను చూస్తూనే ఉన్నాను. కాలు కిందిదాకా ఉంది."

"ఊఁ."

"బండి ఆగలేదు."

తాను నెలల తరబడి అందరికీ చెప్పిన మాట అది. అదే మాట ఇప్పుడు ఇంకొకరి నోట విన్నాడు అద్దాలాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ రోజు గాజు దింపాల్సిన ఇంట్లో పలకలన్నీ వెడల్పు ఎక్కువ వచ్చాయి. కొలత తప్పు రాసుకున్నది కౌంటరు మీది మనిషి. ఇంటివాళ్ళు మాకొద్దన్నారు. మామూలుగా అయితే ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఎక్కించిన గాజు మళ్ళీ మోసుకుపోవాలి. ఈసారి భార్య వెనక్కి తిరిగి తొట్టి వంక చూసి అంది.

"తమ్ముడి షెడ్డుకు పోనివ్వండి."

"గాజుతోనా?"

"గాజుతోనే. ఇన్నిసార్లు ఖాళీ బండి చూపించుకొచ్చారు. నేను చొక్కా కుట్టి, కొక్కేనికి తగిలించి, బాగానే ఉందంటే ఎవరైనా ఊరుకుంటారా? తొడుక్కుని చూడాలి కదా."

షెడ్డులో బావమరిది వాళ్ళిద్దర్నీ, వెనక ఉన్న లోడునీ చూసి, బావకు మతి పూర్తిగా పోయిందనీ, అక్కకు కూడా అంటుకుందనీ అనుకున్నాడు. కానీ అక్క మొహం చూశాక వాదించలేదు. తాళాలు తీసుకుని తానే సీట్లో కూర్చున్నాడు. అక్క మధ్యలో, బావ చివర. వీధి చివర దాకా పోయి, మలుపు తిరిగి, మళ్ళీ షెడ్డు వైపు ఎప్పటిలా హుషారుగా వచ్చాడు. షెడ్డు ముందు చక్రాల స్టాండు మీద అతని బోర్డు నిలబెట్టి ఉంది. ఎర్రటి అక్షరాలు. "ఇచ్చట అన్ని రకముల బ్రేకులు సరిచేయబడును."

"ఇప్పుడు చూడక్కా" అని తొక్కాడు.

బండి అతని మాట వినిపించుకోలేదు. నెమ్మదిగా, కక్షేమీ లేనట్టు, బోర్డును ముందుకు తోసుకుంటూ షెడ్డులోకి వెళ్ళి, పాత టైర్ల గుట్టకు ఆనుకుని ఆగింది. వెనక గాజు ఒక్కసారి గజగజలాడి ఊరుకుంది. బోర్డు టైర్ల మధ్య వంకరగా నిలబడి ఇంకా బ్రేకులు సరిచేయబడును అంటూనే ఉంది.

బావమరిది స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు.

"అక్కా, నేను తొక్కాను."

"నీ కళ్ళు కూడా చూపించుకోరా" అంది ఆవిడ. "మోకాలికి అమ్మ పంపిన నూనె ఇంకా ఉంది, ఇస్తాను."

అద్దాలాయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం మాత్రం దాచలేకపోయాడు. ఆయన అలా నవ్వి చాలాకాలమైంది.

బావమరిది గోనెపట్టా పరిచి బండి కిందికి దూరాడు. లోడు మీదున్న బండి కింద పడుకుని చూడటం అతనికి ఆ బండి విషయంలో అదే మొదటిసారి. పక్కనే అద్దాలాయన కూడా కళ్ళజోడుతో సహా దూరాడు. వెనక ఇరుసు దగ్గర, చట్రానికి బిగించి, పిడికిలంత వాల్వు ఒకటి ఉంది. దాన్నుంచి సన్నటి కడ్డీ కింద ఇరుసు దాకా దిగింది. తొట్టిలో ఎంత బరువుందో వెనక బ్రేకులకు చెప్పేది అదే. బరువు పడితే తొట్టి దిగుతుంది, కడ్డీ పైకి లేస్తుంది, వాల్వు తెరుచుకుని వెనక చక్రాలకు బ్రేకు ఆయిలు గట్టిగా తోస్తుంది. ఖాళీ బండి అయితే వెనక చక్రాలు జారిపోకుండా కొంచెమే వదులుతుంది.

ఇప్పుడు పైన గాజు నిండా ఉంది. కడ్డీ మాత్రం ఖాళీ బండిలో వేలాడినట్టే వేలాడుతోంది. తొట్టి దిగితే కదా అది లేచేది. తొట్టి ఎందుకు దిగలేదో వెతుక్కోనక్కర్లేదు. కమానులో అన్నిటికంటే కింద, నల్లరంగు వేసిన మందపాటి పట్టీ ఆ బరువంతా మోస్తూ, ఇద్దరి మొహాల ఎదుటే ఉంది.

ఒకరు ఆలోచించి వేయించింది. ఒకరు బిగించింది.

"బావా."

"చెప్పకు. చూశాను."

"అయితే వెనక షూలు అరగకపోవడం..."

"సుకుమారం కాదు. అవి పనే చేయలేదు."

ఇద్దరూ వెల్లకిలా పడుకుని ఆ పట్టీ వంక చూస్తూ ఉండిపోయారు. పక్కన ఆవిడ చెప్పులు వచ్చి నిలబడ్డాయి.

"ఏంటి, దొరికిందా?"

"చిన్న కడ్డీ అక్కా. కంపెనీవాళ్ళ డిజైను అంతే, అంత బాగుండదు" అన్నాడు తమ్ముడు కింది నుంచి.

చెప్పులు కదల్లేదు. అద్దాలాయన ఆ మాటను అలాగే పోనిద్దామనుకున్నాడు కూడా. కంపెనీ ఎక్కడో ఉంటుంది, వచ్చి కాదనదు. కానీ అదే పట్టీతో యార్డులో ఇంకా ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయో ఆయనకు తెలుసు. చెప్పి వేయించింది తనే.

"కంపెనీ కాదే. నేను వేయించిన పట్టీయే" అన్నాడు. "బండి బరువెక్కిందని బ్రేకుకు తెలియకుండా చేశాను."

పైనుంచి ఆవిడ, "సరే, బయటికి రండి. కళ్ళజోడు నిండా గ్రీజు అయి ఉంటుంది" అంది.

సాయంత్రంలోగా పట్టీ ఊడదీశారు. అదే గాజుతో మళ్ళీ వీధి చివర దాకా పోయి తొక్కితే, నాలుగు చక్రాలూ ఒక్కటై పట్టుకున్నాయి. తొట్టి మాత్రం మునుపట్లా కొంచెం ఊగింది. అద్దాలాయన ఆ ఊపు తిట్టుకోలేదు. బరువు తెలుస్తున్న బండి అలాగే ఊగుతుందని సరిపెట్టుకున్నాడు.

మర్నాడు పల్లం రోడ్డు చివర గీత మీద గీసినట్టు బండి ఆగింది. దుకాణం గుమ్మంలో నిలబడి చూస్తున్న యజమాని, లోపలికి వచ్చాక ఆయన భుజం తట్టాడు.

"చూశావా మరి? కళ్ళజోడు ముందే పెట్టుకుని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు."

అద్దాలాయన పట్టీ సంగతంతా వివరించాడు. యజమాని శ్రద్ధగా విని, "ఏదైతేనేం, కళ్ళజోడు మాత్రం తీయకు" అన్నాడు. ఆ రాత్రి అత్తగారు ఫోను చేసి నూనె పనిచేసినందుకు సంతోషించింది.

తోటి డ్రైవర్లకు చెప్పడం ఇంకా కష్టమైంది. వేయించుకోండని తిరిగి తిరిగి చెప్పిన నోటితోనే తీయించుకోండని చెప్పాలి. యార్డులో ఒక్కొక్కర్నీ పక్కకు పిలిచి, నాదే పొరపాటు అని చెప్పాడు. ఒకప్పుడు నెత్తిన పెట్టుకున్న ఆయన మాటనే ఇప్పుడు వాళ్ళు అనుమానంగా విన్నారు. మెచ్చుకున్నప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలన్నీ ఇప్పుడు అడిగారు. షెడ్డులో బావమరిదికి ఇంకో బాధ.

"మనమే వేసి మనమే తీస్తున్నామంటే నా పరువేం కావాలి బావా?"

చివరికి అతనొక ఉపాయం కనిపెట్టాడు. బ్రేకు, కమాను ప్రత్యేక తనిఖీ అని చెప్పి బళ్ళన్నీ పిలిపించాడు. వచ్చినవాళ్ళు పట్టీ తీయించుకుని, బ్రేకులు ఎంత మారాయో చూసి, మంచి మెకానిక్కు అంటే ఇలా ఉండాలని పదిమందికీ చెప్పారు. బావమరిది మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటుపడ్డాడు.

రాకెట్ ఒక్కడే రానన్నాడు.

"బాబాయ్, కళ్ళజోడు వచ్చాక నీకన్నీ పెద్దవిగా కనిపిస్తున్నాయి. నా బండి బ్రేకు నా మాట వింటుంది. తొక్కే కాలును బట్టి ఉంటుంది."

అద్దాలాయన రెండుసార్లు బతిమాలాడు. రాకెట్ ఆ బతిమాలడాన్ని అభినయించి మరీ యార్డులో నవ్వించాడు. మూడోసారి అతన్ని అడగలేదు. బావమరిదిని అడిగాడు.

"పట్టీ తీయక్కర్లేదు. కడ్డీని పైకి జరిపి బిగిస్తే ఆ బండికి బరువు తెలుస్తుంది కదా? ఎంతసేపు పడుతుంది?"

"టీ తాగేంత. కానీ వాడు ఒప్పుకోవాలి కదా బావా."

"వాడు రోజూ మీ అక్క మిషను ముందు నుంచే పోతాడు. బడి వదిలే వేళకి."

బావమరిది లేచాడు. పానాలు సంచీలో వేసుకున్నాడు.

మధ్యాహ్నం రాకెట్ లోడు కట్టించుకుని, బండి యార్డు గోడ పక్కన నిలిపి, టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. అద్దాలాయన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. బండి వైపు వీపు వచ్చేలా కూర్చోబెట్టడానికి పెద్దగా తెలివి ఖర్చు కాలేదు. కూర్చున్నాక ఎంతసేపు ఉంచాలన్నదే ప్రశ్న. ఆయన గ్లాసు చేతిలోకి తీసుకుని, మొహమాటపడుతున్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"అబ్బాయ్, ఏమీ అనుకోకు. పెద్దవాణ్ణయ్యాను. అసలు నువ్వు బ్రేకు ఎలా తొక్కుతావో కొంచెం చెప్పవా?"

రాకెట్ మొహం వెలిగిపోయింది. గ్లాసు పక్కన పెట్టాడు. కాలు చాపి, మడమ నేలకు ఎక్కడ ఆనాలో, మునివేళ్ళు ఎంత వంగాలో, చూపు ఎటుండాలో చూపించడం మొదలుపెట్టాడు. పల్లంలో ఒక రకంగా, వానలో ఒక రకంగా, లోడులో ఇంకో రకంగా. తాను ఎక్కడెక్కడ ఎంత వేగంలో ఎలా ఆపాడో ఒక్కో ఉదాహరణా చెప్పుకొచ్చాడు. గోడ పక్కన బండి కింద నుంచి బయటికొచ్చిన బావమరిది కాళ్ళు అప్పుడప్పుడూ కదులుతున్నాయి. ఇనుము మీద ఇనుము టకటకమని సన్నగా వినిపిస్తోంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు రాకెట్, తల తిప్పబోతూ.

"అదేదో పక్క బండిది. నువ్వు చెప్పు. మడమ ఎక్కడ పెట్టాలన్నావు?"

"ఇక్కడ బాబాయ్. చూడు, ఇలా."

అద్దాలాయన కళ్ళజోడు సవరించుకుని, ముందుకు వంగి, తన కుడికాలు కూడా అతని కాలి పక్కన అలాగే చాపాడు. ఎలా తొక్కాలో మొదటి నుంచీ నేర్చుకోసాగాడు.